ఉదయ చోడుడు భయంతోనే మరణించాడా?

పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. నాడు చెప్పని సమాధానాన్ని నేడిక్కడ వ్రాసుకుంటున్నాను.

కట్టంగూరు ప్రాంతంలో తెలుగు పండితునిగా ఉన్న రోజులవి. ఒకనాడు తరగతిలో కాకతీయ రుద్రదేవుని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం (క్రీ.శ. 1163) గురించి ఉత్సాహంగా చెబుతున్నాను. అచింతేంద్రుడు రచించిన ఆ సంస్కృత ప్రశస్తిలో, కందూరు చోడ ప్రభువైన ఉదయుడు రుద్రుని భయంతో ప్రాణాలు విడిచాడని ఉన్నది. పిల్లలందరూ నవ్వారు. వెనుక వరుసలో నుండి పానగల్లు పిల్లవాడొకడు లేచి, "సార్, మా ఉదయసముద్రం ఆ పిరికి రాజుదేనా?" అన్నాడు. "కూర్చోరా" అన్నాను. అంతే.

నిజానికి ఆ కథ పెద్దది. తంజావూరు చోళులు, కల్యాణి చాళుక్యులు తరాల తరబడి పోరాడారు. కొల్లిపాకను, అంటే నేటి కొలనుపాకను, గెలిచినట్లు రాజేంద్ర చోళుడు తన ప్రశస్తిలో చెప్పుకున్నాడు. 1054లో కొప్పం యుద్ధంలో రాజాధిరాజ చోళుడు ఏనుగుపైనే నేలకొరిగాడు. ఆ కాలపు కందూరు చోడులు చాళుక్య సామంతులు. పానగల్లు వారి ముఖ్యస్థానం. 1126లో ఆరవ విక్రమాదిత్యుడు గతించాక కల్యాణి పట్టు క్రమంగా సడలింది. నిన్నటి తోటి సామంతులైన కాకతీయులు స్వతంత్రులై పొరుగువారి పైకి వచ్చారు. ఏలిక బలహీనుడైతే సామంతుడు ఎవరిని నమ్ముకోవాలి? ఉదయుని కష్టం అది.

అదే శాసనం చాళుక్య తైలపుడు సైతం రుద్రుని భయం వల్ల అతిసారం పాలై మరణించాడంటుంది! శత్రువులందరూ భయంతోనే పోతున్నారంటే అది అతిశయోక్తి. పద్యంలో ఆ అలంకారాన్ని ఇట్టే గుర్తుపట్టే నేను రాతిమీద దానిని గుర్తుపట్టలేకపోయాను. పైగా ఉదయుని కుమార్తెను రుద్రదేవుడు వివాహమాడాడని చరిత్రకారులు చెబుతారు. పిరికివాని ఇంటి పిల్లను కోరి చేసుకుంటాడా?

ఉదయసముద్రం నీటిని మా పొరుగున ఉన్న బ్రాహ్మణ వెల్లెంలకు ఎత్తిపోసే పథకం 2024 డిసెంబరులో మొదలైంది. ఆ వార్త చదివిన రోజున ఆ పిల్లవాడే జ్ఞాపకం వచ్చాడు.

నాయనా, ఎక్కడున్నావో! ఆ చెరువు పిరికివానిది కాదు. నాడే చెప్పవలసింది.