ఆయిలింజనుతో మూడు ఊళ్ళు

సూర్యాపేట నుంచి ఆత్మకూరు వైపు పోయే దారిలో రోడ్డు దిగి, పత్తి చేల గట్ల వెంట కొంచెం లోపలికి నడిస్తే ఒక పాత వ్యవసాయ బావి వస్తుంది. రాతికట్టు ఇంకా గట్టిగానే ఉంది. ఒక పక్క మోట తోలిన వాలుదారి గడ్డి పట్టి కనిపిస్తుంది. దానికి ఎదురుగా నాలుగు గోడల కొట్టం. రేకులు ఎవరో పట్టుకుపోయారు. లోపల సిమెంటు దిమ్మె మీద, నాలుగు బోల్టులతో బిగించి, రెండు ఫ్లైవీళ్ళ ఆయిలింజను. నేను వెళ్ళింది దాని కోసమే.

పాత యంత్రాల పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కువమంది మోటారు సైకిళ్ళ దగ్గర ఆగుతారు. రాజ్‌దూత్, యెజ్డీ, పాత బుల్లెట్. వాటికి అద్దంలాంటి పెయింటు, ఆదివారం పొద్దున ఊరేగింపు. అదీ ఒక సరదానే, కాదనను. నాకు మాత్రం యంత్రం పని చెయ్యాలి. నీళ్ళు తోడాలి, పిండి విసరాలి, రంపం తిప్పాలి. నిలబెట్టి చూసుకోవడానికైతే పెయింటర్ చాలు, మెకానిక్ ఎందుకు?

బావి రైతు పెద్దవయసు మనిషి. ఇంజను వాళ్ళ నాయన కొన్నది.

"అప్పుడు కరెంటెక్కడిది సారూ? మోట కొడితే పొద్దుందాంక కొట్టినా కింది మడి తడవకపోయేది. ఇది వొచ్చినంక ఎడ్లకు సుట్టీ అయింది" అన్నాడు.

"మరి ఎప్పుడు ఆపేశారు?"

"కరెంటు మోటరొచ్చినంక. తర్వాత బోరేసినం. బాయిల నీళ్ళే లేకపాయె, ఇదేం గుంజుతది?"

ఈ వైపు ఆయిలింజన్ల కథంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక డీజిల్ కొని నీళ్ళు తోడే రైతు ఎవరుంటారు? 2018 జనవరి ఒకటి నుంచి తెలంగాణలో ఆ కరెంటు 24 గంటలూ అయింది. ఇంజన్లు చెడిపోయి మూలపడలేదు. బాగుండగానే పని పోయింది. అందుకే వాటిని విప్పితే లోపల అరుగుదల అనుకున్నంత ఉండదు, తుప్పే ఎక్కువ.

పాత ఇనుపసామాను వాళ్ళు చాలాసార్లు వచ్చారట. ఇవ్వలేదట. నాకెందుకు ఇస్తున్నావని అడిగితే "మీరు తిప్పుతమన్నరు గద" అన్నాడు. అంత మంచి మాట చెప్పి కూడా, రేటు దగ్గర మాత్రం పాతసామాను తూకం కంటే ఒక్క రూపాయి కిందికి దిగలేదు. దిగనక్కర్లేదు కూడా.

ఇంజను మీద పేరు పలక ఊడిపోయింది గానీ వాలకం చూస్తే తెలిసిపోతుంది, రాజ్‌కోట్ తయారీ. దీని మూలం ఇంగ్లండులో ఉంది. గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీ అనే చిన్న ఊళ్ళో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒకే సిలిండర్ డీజిల్ ఇంజనొకటి తెచ్చింది. అంతకుముందు చాలా ఆయిలింజన్లను తిప్పే ముందు బ్లో ల్యాంపుతో తలకాయ ఎర్రగా కాల్చాల్సి వచ్చేది. దీనికి ఆ బాధ లేదు, చల్లగా ఉన్నా హ్యాండిల్ తిప్పితే అందుకుంటుంది. 'కోల్డ్ స్టార్ట్' అన్న పేరే పెట్టారు. మొదట నిమిషానికి 600 చుట్లు, 5 గుర్రాల శక్తి. తర్వాత 650 చుట్లు, 6 గుర్రాలు. డర్స్‌లీలో 1980ల దాకా చేశారు. అక్కడ ఆగిపోయినా రాజ్‌కోట్ ఫౌండ్రీల్లో ఆగలేదు. అదే కొలతలతో పోత పోస్తూనే వచ్చారు.

నకలు అని చిన్నచూపు చూసే సేకరణదారులుంటారు. నా లెక్క వేరు. నకలు కొట్టబట్టే ఇది బతికింది. అసలు ఇంజను పిస్టన్ రింగు కావాలంటే ఇంగ్లండులో ఏ షెడ్డులోనో వెతకాలి. దీనికి రాజ్‌కోట్‌కు ఫోను చేస్తే పార్సిల్ వస్తుంది. పదిమంది చేసే వస్తువుకే విడిభాగం దొరుకుతుంది.

మూడు క్వింటాళ్ళకు పైనే బరువు. కొట్టం గోడ సగం తీసి, మూడు వెదురు బొంగులు కట్టి చైన్ పుల్లీ వేశాం. కిరాయికి తెచ్చిన బొలేరో డ్రైవరు అప్పటిదాకా చింతచెట్టు కింద పడుకుని, ఇంజను గాల్లోకి లేవగానే లేచి కూర్చున్నాడు. "అన్నా, చిన్న మోటరన్నవ్ గదనే!" అన్నాడు. ఆ మాట దారి పొడవునా వినాల్సి వచ్చింది.

సూర్యాపేటలో ఎక్కువసేపు ఆగలేదు. హైవే ఊరు, లారీల పని ఎక్కువ, డీజిల్ పంపుల షాపులకు కొదవ లేదు. అక్కడ నాజిల్ ఒక్కటి పరీక్ష చేయించాను. కుర్రాడు దాన్ని స్టాండుకు బిగించి లివరు నొక్కితే మొదట రెండు ధారలు కారాయి, పసిపిల్లవాడి ఉచ్చలాగా. సూది తీసి, గ్రైండింగ్ పేస్టు రాసి, వేళ్ళ మధ్య అరిగించి, కడిగి మళ్ళీ నొక్కాడు. ఈసారి 'కిర్ర్' అని చిన్న చప్పుడుతో పొగమంచు వచ్చింది, కింద పెట్టిన కాగితం మీద మచ్చ గుండ్రంగా, అంచులు సమంగా పడింది. డీజిల్ ఇంజను ప్రాణం ఈ మంచులోనే ఉంది. ధార పడితే మండదు, పొగ పోతుంది. మంచు పడితే ఒక్క దెబ్బకు అంటుకుంటుంది.

అక్కణ్ణుంచి మునగాల మీదుగా కోదాడ. ఇప్పుడు 65 అంటున్నా, పాతవాళ్ళకు ఇది ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. బస్సులు చాలావరకు విజయవాడ ధ్యాసలో కోదాడను బైపాసు మీదే దాటేస్తాయి. ఊళ్ళోకి దిగితే లేత్ మిషన్ షాపులు వరసగా ఉంటాయి. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, బోరు మోటార్ల పనితో ఎప్పుడూ చేతినిండా ఉంటుంది వాళ్ళకు. నేను వెతుక్కున్న మేస్త్రీ తన చిన్నతనమంతా ఆయిలింజన్ల మీదే పని నేర్చినవాడు. బొలేరోలో ఇంజను చూసి దగ్గరికొచ్చి ఫ్లైవీలు మీద చెయ్యి వేశాడు. "దీని చేతిలో బోలెడు దెబ్బలు తిన్నా సార్" అన్నాడు. హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు విరగడం ఆ రోజుల్లో మామూలేనట.

పిస్టన్ పట్టేసి ఉంది. హెడ్డు విప్పి, డీజిలూ కిరోసినూ కలిపి సిలిండర్‌లో పోసి వదిలేశాడు మేస్త్రీ. తొందరపడి సుత్తె తీసుకోలేదు. ఫ్లైవీలు రోజూ ఇటు కొంచెం, అటు కొంచెం ఊపుతూ పోతే ఒక సాయంత్రం 'టక్' మని కదిలిందని ఫోను చేశాడు. మళ్ళీ కోదాడ వెళ్ళేసరికి ఇంజను ముక్కలు ముక్కలుగా గోనెసంచి మీద పరిచి ఉంది.

అలా పరిచిన ఇంజను చదవడం నాకు మహా ఇష్టం. కొన్ని బోల్టులకు అంగుళాల మరలు, కొన్నిటికి మిల్లీమీటర్ల మరలు. అంటే ఏ ఊళ్ళో ఏది దొరికితే అది వేశారన్నమాట. నీటి మూత కింద ప్యాకింగ్ బదులు సైకిలు ట్యూబు కత్తిరించి పెట్టారు. అది కారలేదు కూడా. సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరిగే జాకెట్‌లో మాత్రం గోరు మందాన తెల్లటి గార. పంపు తోడిన బావినీళ్ళలోంచే ఒక పాయ జాకెట్‌లోకి మళ్ళించేవారు, అదే చల్లబరిచేది. ఆ నీళ్ళలోని సున్నమంతా ఏళ్ళ తరబడి అక్కడ పేరుకుంది. మేస్త్రీ స్క్రూడ్రైవరుతో గీకి తీస్తుంటే పెంకులు పెంకులుగా ఊడింది.

లైనరు, పిస్టను, రింగులు, బిగ్ ఎండ్ బేరింగులు రాజ్‌కోట్ నుంచి వచ్చాయి. క్రాంకు ఒక్కటి సాన పట్టించాం. పెయింటు సంగతి వచ్చినప్పుడు మేస్త్రీకీ నాకూ వాదం నడిచింది. అతను ఆకుపచ్చ కొట్టేద్దామన్నాడు. నేను తుప్పు వదిలించి నూనె గుడ్డతో తుడిస్తే చాలన్నాను. చివరికి ఫ్లైవీళ్ళకు మాత్రం ఎర్రరంగు వేశాడు, "తిరిగేటప్పుడు పిల్లలకు కనపడాలి కదా" అని. ఆ కారణానికి ఎదురు చెప్పలేం.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ దారి పట్టగానే భూమి రంగు మారిపోతుంది. యాసంగి వరి కోతకొచ్చింది. హార్వెస్టర్లు రోడ్డు సగం ఆక్రమించి పోతున్నాయి, మిగతా సగంలో వడ్లు ఆరబోశారు. డ్రైవరు వడ్లకూ కాలువ గట్టుకూ మధ్య బొలేరోను నడుపుతూ, మూడు క్వింటాళ్ళ సంగతి ఇంకోసారి గుర్తుచేశాడు. ఇదంతా సాగర్ ఎడమ కాలువ చలవ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. సూర్యాపేట మెట్ట రైతు బావిలో ఇంజను దింపుకుని నీళ్ళకు కొట్లాడుతుంటే, ఈ పక్క నీళ్ళు నడిచి చేలోకి వచ్చాయి. ఇక్కడ ఇంజన్లకు నీళ్ళు తోడే పని లేదు. వడ్లు ఆడే పని వచ్చింది. మూసీ వంతెన దాటి మిర్యాలగూడ దగ్గర పడుతుంటే ముందు తగిలేది ఉడికిన వడ్ల వాసన, తర్వాత ఊక కాల్చే బాయిలర్ల పొగగొట్టాలు. యాసంగి వడ్లు ఎండకు పగుళ్ళిచ్చి పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజ గట్టిపడి నిలుస్తుంది. అందుకే ఇక్కడ ఇన్ని బాయిల్డ్ మిల్లులు.

నేను ఇంజను తెచ్చింది అలాంటి మిల్లు వెనకున్న పాత షెడ్డుకు. గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్ళ వెంట వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మిల్లు ఇప్పుడు కొడుకులు చూస్తున్నారు, రంగు గింజను కెమెరాతో పట్టేసే మిషన్లూ వచ్చాయి. పెద్దాయన మాత్రం తన మొదటి గిర్ని సామాను పారెయ్యనివ్వలేదు. షెడ్డులో ఒక పిండి రాళ్ళ జత, ఒక హల్లరు ఉన్నాయి.

హల్లరు దగ్గర కొంచెం ఆగాలి. ఎంగెల్‌బర్గ్ అనే ఆయన 1885లో బ్రెజిల్‌లో కనిపెట్టిన యంత్రం ఇది. గట్లు పోసిన పోత ఇనుప రోలరు, దాని చుట్టూ డిప్ప, పక్కన ముందుకూ వెనక్కూ జరిపే ఉక్కు పలక, కింద జల్లెడ. అంతే. వడ్లు పైన పోస్తే గింజ గింజను రాసుకుని పొట్టు ఊడుతుంది. ఊకా తవుడూ కలిసిపోయి జల్లెడలోంచి రాలతాయి. అందుకే ఆ తవుడు నూనె తీయడానికి పనికిరాదు, గొడ్లకే. నూకలూ ఎక్కువే. ఇవాళ ప్రభుత్వం మిల్లర్ల నుంచి క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం, బాయిల్డ్ అయితే 68 కిలోలు తీసుకుంటుంది. హల్లరు ఆ లెక్కకు అందడం కష్టం. రబ్బరు రోళ్ళ మిల్లుల ముందు ఇది ఓడిపోవడం న్యాయమే. పాతదన్న ప్రేమతో దాన్ని వెనకేసుకు రాను. కానీ ఊరికొకటి చొప్పున నిలబడి, ఆడవాళ్ళ చేతిలోంచి రోకలి దింపించింది ఇదే.

ఇంజనును రాళ్ళ ముందు దిమ్మెకు బిగించి, చదును బెల్టు వేశాం. పక్కన నీళ్ళ డ్రమ్ము. డీజిల్ పోసి పంపు దగ్గర నట్టు వదులు చేస్తే ముందు బుడగలు, తర్వాత చిక్కటి ధార. ఎయిర్ పోయింది, నట్టు బిగించాం. డీకంప్రెషన్ లివరు లేపి నేను హ్యాండిల్ పట్టాను. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ పోకూడదు, వెనక్కి తంతే అదే ముందు పోతుంది. ఫ్లైవీళ్ళు మొదట బద్ధకంగా, తర్వాత తమ బరువుతో తామే తిరిగాయి. వేగం అందుకోగానే మేస్త్రీ లివరు దించాడు. ఒక 'దమ్', తెల్లటి పొగ ఉండ, ఖాళీ చుట్టు, మళ్ళీ 'దమ్'. తర్వాత గవర్నరు పట్టుకుంది. 650 చుట్లంటే సెకనుకు అయిదు దెబ్బలకు పైగా. చెవి వాటిని విడివిడిగా వినగలదు. పక్కనే మిల్లులో కరెంటు మోటార్లు ఏకంగా హోరుమంటున్నాయి, ఇది మాత్రం లెక్కపెట్టుకుంటున్నట్టు కొడుతోంది.

పెద్దాయన లోపలికి పోయి ఒక పాత డబ్బా తెచ్చి పొగగొట్టం చివర బోర్లించారు. చప్పుడు 'కుక్కుక్కుక్' మని మారింది. "గిర్ని నడుస్తోందని ఊరందరికీ తెలియాలిగా అండీ. ఇది వినే జనం గంపలెత్తుకొచ్చేవాళ్ళు" అన్నారు.

కొత్తగా గంట్లు కొట్టించిన రాళ్ళు కదా, మొదట పోసిన జొన్నల పిండి ఇసుక తగిలి పారబోశాం. రెండోసారి పోసింది బాగా వచ్చింది, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా. మిల్లులో హమాలీ పని చేసే ఆడవాళ్ళు ఇద్దరు ఇంటికి పోయి మరీ జొన్నలు తెచ్చుకున్నారు. సాయంత్రానికి గోధుమలు, పెసలు, ఎవరో ఎండుమిర్చి కూడా తెచ్చారు. మిర్చి మాత్రం వద్దన్నాను, రాళ్ళు కడగడం నా వల్ల కాదు.

పెద్దాయన దృష్టి అప్పటికే హల్లరు మీదికి పోయింది. ఈ 6 గుర్రాలు దానికి చాలవు, బెల్టు వేస్తే గింజ పట్టగానే ఇంజను గొంతు పడిపోతుంది. "10 గుర్రాలది ఎక్కడైనా ఉంటే చూడండి. ఖర్చుకు వెనకాడొద్దు" అన్నారు. హుజూర్‌నగర్ పక్క ఒక ఊళ్ళో రెండు సిలిండర్లది ఉందని మేస్త్రీ ఎప్పుడో చెప్పాడు. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే బొలేరో డ్రైవరు కల్పించుకున్నాడు. "ఈసారి కిరాయి ముందుగాల మాట్లాడుకుందమన్నా, బరువు సూసినంక."