తాళంచెవి ఇవ్వని స్నేహం

మనిషి నిజస్వభావం ప్రయాణంలో బయటపడుతుందని మన పెద్దలు చెబుతూ ఉంటారు. ‘సఫర్’ అనే అరబీ పదపు ధాతువులోనే తెర తొలగించడం, వెల్లడి చేయడం అనే అర్థం ఉందని పండితులు వివరించారు. ఒకరి మంచితనానికి సాక్ష్యమివ్వడానికి వచ్చిన వ్యక్తిని హజ్రత్ ఉమర్ (రజి), అతనితో ఎప్పుడైనా కలిసి ప్రయాణం చేశావా అని అడిగినట్లు ఉల్లేఖనాల్లో ఉంది. ఆ ప్రశ్నలోని లోతు సంక్రాంతి సెలవుల్లో చేసిన అరకు యాత్రలో మాకు అర్థమైంది.

కళాశాలలో కలిసి చదువుకున్న ఏడుగురం విశాఖపట్నంలో కలుసుకున్నాం. డ్రైవరు లేకుండా ఒక వాహనాన్ని అద్దెకు తీసుకుని బయలుదేరాం. అరకు అక్కడికి సుమారు 115 కిలోమీటర్లు. దారిలో బొర్రా గుహలు చూశాం. నీటిచుక్కలు యుగాల తరబడి మలిచిన ఆ సున్నపురాతి రూపాల ముందు సృష్టికర్త మహిమను తలచుకోని మనసు ఉండదు. అనంతగిరి కాఫీతోటల పక్కన వాహనం ఆపి వేడివేడి కాఫీ తాగాం. బొంగు చికెన్ జబీహా అవునో కాదో తెలియక మేము కాల్చిన మొక్కజొన్న పొత్తులతోనే సరిపెట్టుకున్నాం. జుహర్, అసర్ నమాజులను ఖసర్‌గా రెండేసి రకాతులు చేసుకున్నాం. పాత కబుర్లతో, నవ్వులతో ఆ పగలు ఎలా గడిచిందో తెలియలేదు.

రాత్రి బసకు చేరాక నలుగురు మిత్రులు సీసాలు బయటకు తీశారు. వారిలో ఇద్దరు మన సోదరులే. ఆ రాయడం కష్టంగానే ఉంది, కానీ ఈ వ్యాధి మన ఇళ్ళ గడప దాటలేదని అనుకోవడం ఆత్మవంచన అవుతుంది. మేము ముగ్గురం వద్దని చెప్పి చూశాం. మాట చెల్లకపోవడంతో పక్కగదికి వెళ్ళిపోయాం. కేకలు, పాటలు, చివరకు ఎప్పటిదో పాత బాకీ గురించి తగువు రాత్రి రెండు గంటల దాకా వినిపిస్తూనే ఉన్నాయి. మద్యం ద్వారా షైతాన్ మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రగిలించాలని, వారిని దైవస్మరణకు, నమాజుకు దూరం చేయాలని కోరుతున్నాడని మాయిదా సూరా 91వ వాక్యం హెచ్చరిస్తుంది. ఆ రాత్రి తగువును చెవులారా విన్నాం. ఫజ్ర్ వేళ ఎంత లేపినా ఆ ఇద్దరూ లేవకపోవడం కళ్ళారా చూశాం.

ఉదయం ఆరున్నరకు వారు లేచారు. ఒకరు వాంతులు చేసుకుంటున్నారు, మరొకరు తల పట్టుకుని కూర్చున్నారు. వాహనం నడపవలసిన మిత్రుడు మాత్రం ముఖం కడుక్కుని, నల్లకాఫీ తాగి తాళంచెవి అడిగాడు. తాగింది రాత్రి కదా, ఇప్పుడేమీ లేదన్నాడు. బయట పొగమంచు దట్టంగా ఉంది. ముందున్నది మలుపుల ఘాట్‌రోడ్డు.

చాలామంది పొరబడేది ఇక్కడే. కాలేయం మద్యాన్ని తన వేగంతోనే విరిచివేస్తుంది. కాఫీ, నిమ్మరసం, చన్నీటి స్నానం, ఇవేవీ ఆ పనిని తొందరపెట్టలేవు. అర్ధరాత్రి దాటేవరకు బాగా తాగినవారి రక్తంలో తెల్లవారాక కూడా మద్యం మిగిలి ఉండవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే మన దేశంలో వాహనం నడపడం నేరం. ఆ మోతాదు దిగిపోయాక కూడా ఒంట్లో నీరు తగ్గడం, నిద్రలేమి, తలనొప్పి మనిషి చురుకుదనాన్ని హరిస్తాయి.

మేము తాళంచెవి ఇవ్వలేదు. అతను కోపంతో చాలా మాటలన్నాడు. సాయంత్రానికి ఉద్యోగంలో చేరవలసిన మరో మిత్రుడు ఆలస్యమవుతోందని మమ్మల్నే తప్పుపట్టాడు. మధ్యాహ్నం మంచు విడిపోయాక మాలో ఒకరు వాహనం నడిపారు. అందరం క్షేమంగా కొండ దిగాం. విడిపోయేటప్పుడు అతను, అమ్మీకి తెలియనివ్వకండి అని మాత్రం అన్నాడు.

తోటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచినవారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పి ఉంచుతాడని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. అందుకే ఆ మాట అతని ఇంటికి చేరలేదు, ఇక్కడా అతని పేరు లేదు. అయితే అన్యాయం చేయబోయే సోదరుని చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమని బోధించినవారు కూడా ఆయనే (స). పరువు కాపాడమంటే అతను కోరినదల్లా ఇవ్వమని అర్థం కాదు. ఆ వాహనంలో ఏడు ప్రాణాలున్నాయి, ఎదురుగా వచ్చే వాహనాల్లో ఇంకెన్నో ఉన్నాయి.

రెండు నెలలకు పైగా అతను మాతో మాట్లాడలేదు. ఈదుల్ ఫిత్ర్ నాడు ఈద్‌గాహ్‌లో తానే వచ్చి ఆలింగనం చేసుకున్నాడు. ఆ రాత్రి ప్రస్తావన అతనూ తేలేదు, మేమూ తేలేదు.

పిల్లలు విహారానికి వెళ్తామంటే తల్లిదండ్రులు వద్దనవలసిన పని లేదు. ఎవరితో వెళ్తున్నారో, వాహనం ఎవరు నడుపుతారో ప్రేమగా అడగాలి. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్న ప్రవక్త (స) ఆదేశాన్ని గుర్తుచేయాలి. కాదనవలసిన చోట కాదనగల ఒక్క మిత్రుడైనా ఆ బృందంలో ఉండేలా చూడాలి. మన పిల్లలే అలాంటి మిత్రులయ్యే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.