విశాఖపట్టణపు రైతుబజారు

వంటయింటికి వచ్చిన కూరను తరిగి, వండి, వడ్డించుట మనకు నిత్యకృత్యము. అది యే మడిలో మొలచినదో, ఎందరి చేతులు మారి మన కత్తిపీట కడకు చేరినదో విచారించువారు మాత్రము మనలో నరుదు. మొన్నటి మాఘమాసమున బంధువుల యింట వివాహమునకై మేము విశాఖపట్టణము వెళ్లి నాలుగు దినము లుంటిమి. అప్పుడు సీతమ్మధార రైతుబజారును చూచు నవకాశము కలిగెను. అచట కన్నవియు విన్నవియు సోదరీమణులకు నివేదింతుము.

తెల్లవారకమునుపే ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము వైపులనుండి గంపలు దిగుచుండును. వంకాయలు, చిక్కుళ్లు, ఆనపకాయలు, బీరకాయలు ఒకవైపున. తోటకూర, గోంగూర, బచ్చలి, కొత్తిమీర వేరొకవైపున. నీళ్లు చిలికిన యాకుకూరల పచ్చివాసన ఆవరణమంతయు నిండియుండును. ప్రవేశద్వారముకడ నల్లబల్లపై ఆనాటి ధరలు వ్రాయబడియుండును. కొనువారు మొదట దానిని చూచి, పిదప గంపల వైపు నడతురు.

ఈ యేర్పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26వ తేదీన ప్రారంభమైనది. అంతకుముందే 1987లో పంజాబునందు ‘అప్నీ మండీ’ యను పేర నిట్టి సంతలు వెలసినవి. 1999 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము మధురలో ‘ఉళవర్ సందై’ని తెరచినది. అన్నింటి సూత్ర మొక్కటియే: పండించినవాడే అమ్మవలెను, నడుమ దళారి యుండరాదు. ధరను టోకుధరకన్న కొంత హెచ్చుగను, చిల్లరధరకన్న కొంత తగ్గుగను నిర్ణయింతురు. అందువలన నమ్మువానికిని కొనువారికిని లాభమే.

నడుమవారి వలన నెంత నష్టమని యెవరైన నడుగవచ్చును. భారత రిజర్వు బ్యాంకు 2024లో ప్రకటించిన యొక పరిశోధన పత్రము ననుసరించి, మనము టమాటాలకు చెల్లించు రూపాయిలో రైతునకు ముట్టునది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 పైసలు. తక్కినది కూలి, బాడుగ, కమీషను, కుళ్లిపోయిన సరకు, వర్తకుల లాభము క్రింద పోవును. వర్తకు లందరును మోసగాండ్రని మా భావము కాదు. బండి తోలువానికిని పొట్ట కలదు. కాని విత్తనము మొదలు కోతవరకు కష్టపడినవానికి మూడవపాలు మాత్రమే దక్కుట న్యాయమా?

ఆకుకూరల వరుసలో నడివయసు రైతుగృహిణి యొకతె కూర్చుండియుండెను. ఆమె కట్టలన్నియు నొకే పరిమాణమున నుండుట చూచి, ఎంత నేల సాగు చేయుచున్నదో అడిగితిమి.

“మూడు మడులమ్మా. ఒకటి కోసేనాటికి రెండోది ఎదగాల, మూడోది మొలకెత్తాల. అన్నీ ఒక్కసారే చల్లేస్తే ఒక్కనాడే అయిపోద్ది. మరునాడు బజారుకేటి తెస్తాం?” అనెను.

తోటకూర చల్లిన నెలనాళ్లకు కోతకు వచ్చును. వారమున కొక మడి చొప్పున చల్లినచో చేతిలో డబ్బు తెగకుండ ఆడుచుండును. ముందునాటి సాయంకాలము కోసి, అరటినారతో కట్టి, తడిగుడ్డ కప్పి, రెండవజామున బయలుదేరవలెను. ప్రొద్దెక్కినకొలది ఆకు వాడును; దానికి రెండవ దినము లేదు. ఈ లెక్క యంతయు నామె బడిలో నేర్చినది కాదు.

అయితే రైతుబజారులో కూర్చుండుటకు గుర్తింపు కార్డు కావలెను. దళారులు రైతుల వేషమున చొరబడకుండ అధికారులు నేలను, పైరును విచారించి దాని నిత్తురు. కట్టుబాటు మంచిదే. కాని నేల యెవరి పేర నున్నదని యడుగగా నామె నవ్వి, “పేరు ఆయనది, పని మాదమ్మా!” అనెను.

ఆ మాట మా మనస్సున నాటుకొనినది. 2015-16 వ్యవసాయ గణనము ప్రకారము దేశమున స్త్రీలు సాగుదారులుగా నమోదైన కమతములు నూటికి 14 మాత్రమే. నారు నాటువారు, కలుపు తీయువారు, గంప మోయువారు నెవరో మనకు తెలియనిది కాదు. బమ్మెర పోతన హాలికుడై జీవించెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ పొలమున కలుపు తీసిన యిల్లాలిని గూర్చి చెప్పినవా రున్నారా?

సోదరీమణులారా! మీ యూర రైతుబజారున్నచో ఉదయముననే పొండు. పలకపై వ్రాసిన ధర నిచ్చి, కొసరు కొత్తిమీరకై వాదులాడకుడు. ఆ కొసరు వారి కోతకూలిలోనిది. అంతకన్న ముఖ్య మింకొకటి కలదు. 1986లో మన రాష్ట్రమునను, 2005లో దేశమంతటను ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమార్తెలకు సమభాగ మిచ్చు చట్టసవరణలు వచ్చినవి. పొలము గల యిండ్లలోని మనము ఈ సంగతిని భోజనాలవేళ భర్తలతోను, పండుగనాడు అన్నదమ్ములతోను మెల్లగా ప్రస్తావింపవలెను. పట్టాదారు పాసుపుస్తకమున స్త్రీ పేరొకటి చేరిననాడు, గంప వెనుక కూర్చున్న యాలి, అమ్మ, అక్క తమ పేరనే కార్డు చూపి కూర్చుండగలరు.