రాయచోటిలో రెండు రంగుల ఆకు

బెంగళూరులో రాత్రి బస్సెక్కితే మదనపల్లె దాటేదాకా నాకు నిద్ర పట్టదు. అప్పుడే కాస్త కన్ను మూతపడుతుంది, ఇంతలో గుర్రంకొండ, ఆ తర్వాత కండక్టర్ కేక: ‘రాయచోటి.. రాయచోటి’. మొన్న సంక్రాంతికి అలాగే దిగాను. ఇంటికెళ్లి గేటు తీయగానే కళ్లు నందివర్ధనం మీద పడ్డాయి.

ఆ చెట్టు మా నాయన నాటింది. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ పూలు కోసుకునే అమ్మ సోమవారం వీరభద్రస్వామి గుడికి వెళ్తుంది. ఎప్పుడూ నిగనిగలాడే ఆకులు ఈసారి లేత పసుపులో, మధ్యలో పచ్చని గీతలతో ఉన్నాయి. భలే ఉంది! ఫోన్ తీసి మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లో పెట్టాను. ‘వేరిగేటెడ్ నందివర్ధనం’ అంది. నా సంబరం చూడాలి! స్టేటస్ పెట్టాను, నలుగురు ‘నాకో కొమ్మ’ అని అడిగారు.

‘‘అబ్బీ, దానికేదో జబ్బు చేసినట్టుండాది రా’’ అంది అమ్మ.

‘‘జబ్బు కాదమ్మా, అది వెరైటీ. మందూ గిందూ ఏమీ వెయ్యొద్దు’’ అని ఆర్డర్ వేసి బెంగళూరు వెళ్లిపోయాను. ఇంజినీరింగ్ చదివిన కొడుకు చెప్పాడు కదా, ఆమె ఏమీ వెయ్యలేదు.

మార్చిలో వీడియో కాల్‌లో చూస్తే లేత ఆకులు తెల్లబడి, అంచులు మాడిపోయి ఉన్నాయి. పూలు లేవు. అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. శుక్రవారం రాత్రే బస్సెక్కాను.

ఊళ్లో మొక్కలమ్మే ఆయన నా ఫోటో చూసి నవ్వలేదు, అది ఆయన మంచితనం. కడియం నుంచి తెప్పించిన మొక్కల్లోంచి అసలైన వేరిగేటెడ్ నందివర్ధనం తెచ్చి ఫోన్ పక్కన పెట్టాడు. ‘‘చూడు నాయనా, తేడా నువ్వే చెప్పు’’ అన్నాడు.

చూస్తే తెలిసిపోయింది. అసలు దాంట్లో తెలుపు ఆకు అంచున, ఒక్కో ఆకుకీ ఒక్కోలా పడింది. పచ్చకీ తెలుపుకీ మధ్య గీత గీసినట్టు హద్దుంది. ముదురాకులోనూ లేతాకులోనూ అంతే. నా ఫోటోలో ముదురాకులు మామూలుగానే ఉన్నాయి, లేతవే పాలిపోయాయి. ఈనెలు మాత్రం పచ్చగా, వాటి మధ్య భాగం పసుపుగా, రెండు వైపులా ఒకేలా. అది అందం కాదు, ఇనుప ధాతు లోపం. ‘‘పసుపు మచ్చలతో పాటు ఆకు ముడుచుకుపోతే అది వైరస్ కావొచ్చు, దాని సంగతి వేరే’’ అని కూడా చెప్పాడు.

మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, బకెట్‌కి తెల్లటి పొర కడతాయి. పైగా పోయినేడు ప్రహరీ కట్టినప్పుడు మిగిలిన సిమెంటూ సున్నం మేస్త్రీలు ఆ మూలే పోశారు. మట్టిలో సున్నం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదట. అంటే మా నాయన చెట్టు రెండు నెలలు ఆకలితో ఉంటే నేను దానికి లైకులు తెచ్చిపెట్టాను.

వైద్యం చవకే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. పది రోజులకోసారి, మూడుసార్లు. మొదలు చుట్టూ ఆ సున్నపు మట్టి తీసేసి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు వేశాం. మూడో పిచికారీ నాటికి కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పూలకి మాత్రం జూన్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ పిచ్చిలోనే అసలైన రెండు రంగుల మొక్కలూ కొన్నాను. క్రోటన్ వరండా పక్కన, ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ వచ్చే చోట పెట్టాను. తెచ్చిన వారానికే సగం ఆకులు రాల్చింది. చోటు మారితే అది అలాగే అలుగుతుందట, మళ్లీ వేసింది. తెల్ల అంచు గన్నేరు మాత్రం మా ఊరికే పుట్టినట్టుంది. ఎండకి బెదరదు, మేకలు ముట్టవు. ఒళ్లంతా విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో వద్దు, కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

ఈ మొక్కల్లో తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు. వంట చేసే చేతులు తక్కువ కాబట్టి నిదానంగా పెరుగుతాయి. అప్పుడప్పుడూ పూర్తి పచ్చ కొమ్మ ఒకటి తన్నుకొస్తుంది. ‘పాపం, బలంగా ఉంది’ అని వదిలేశారో, అది మిగతావాటిని దాటేసి మొక్కంతా పచ్చగా చేసేస్తుంది. కనిపించగానే మొదలుకంటా తీసేయాలి. విత్తనం నాటితే ఈ రంగులు వస్తాయన్న నమ్మకం లేదు. కొమ్మ నాటడమో, అంటు కట్టడమో చేయాల్సిందే. నన్ను కొమ్మ అడిగిన నలుగురికీ ఇప్పుడు గన్నేరు కొమ్మలే ఇస్తున్నా, విషం సంగతి చెప్పి మరీ.

అన్నట్టు, అన్నభేది నీళ్లు సిమెంటు మీద పడితే తుప్పు మరకలు పడతాయి. అది నాకెవరూ చెప్పలేదు. మా ఇంటి బట్టలుతికే బండ మీద అరచేయంత ఎర్రటి మరక ఇంకా అలాగే ఉంది. ‘‘ఇది కూడా వెరైటీనేనా అబ్బీ?’’ అని అమ్మ వచ్చినప్పుడల్లా అడుగుతోంది.