మామగారు అడిగిన ప్రశ్న



ఫిబ్రవరి రెండో శనివారం మేము నలుగురం కొల్లేరు వెళ్లొచ్చాం. మా అమ్మాయి తీసిన పక్షుల ఫోటోలు చూపించమని మీలో చాలామంది అడిగారు. తప్పకుండా చూద్దురుగాని. ముందు వాటి వెనకున్న సంగతి చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

మా ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంక గ్రామం. పదేళ్ల కిందట వాళ్ల వాకిట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఆకాశ పక్షుల గురించి ప్రభువు కొండమీద చెప్పిన మాట తీసుకుని నేను ప్రసంగించాను. ఆ ప్రసంగం అప్పటికే చాలాచోట్ల చేసినదే. ప్రార్థన అయ్యి అందరూ టీ తాగుతుంటే మామగారు నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగారు.

"అయ్యగారూ, ఆ పక్షుల్ని మా చెరువు మేపింది. చెరువు పోయాక మమ్మల్ని ఎవరు మేపారండీ?"

నేను క్షణం ఆలోచించకుండా జవాబిచ్చేశాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆయన తల ఊపి గేదె దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటినుంచి నేను వాక్యం చెప్పేచోట ఆయన కూర్చోరు. సరిగ్గా ఆ వేళకే ఏదో పని గుర్తొస్తుంది.

కొల్లేరు తెలియని పిల్లల కోసం రెండు మాటలు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకెళ్తుంది. ఒకప్పుడు తాటి దోనెలు, వలలు, మావులతోనే అక్కడివాళ్ల బతుకు గడిచేది. తర్వాత చేపల చెరువులు వచ్చాయి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అభయారణ్యం లోపల ఉన్న చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్లు నీటి పారుదలకు అడ్డుపడి సరస్సు కుంచించుకుపోతోందన్నది నిజం. ఆ గట్ల వెనక పేదవాళ్ల అప్పులు ఉన్నాయన్నదీ నిజమే. మామగారికి అలాంటి ఒక చెరువులో వాటా ఉండేది. ఆ తర్వాత ఆయన ఇతరుల చెరువులకు కాపలా వెళ్లారు. చేపల మీద వాలే పక్షుల్ని టపాకాయలు పేల్చి తోలడమే ఆ పని.

కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్దామని మా అమ్మాయి పట్టుబట్టింది. స్నేహితురాలి దగ్గర కెమెరా అడిగి తెచ్చుకుంది. "తాతయ్యా, నువ్వూ రావాలి" అంది. "ఆటిని జూడ్డానికి డబ్బులెట్టి టిక్కెట్టు కూడానా!" అన్నారు ఆయన. అంటూనే కండువా భుజాన వేసుకుని బయల్దేరారు. మనవరాలి మాట కాదనలేరు.

పడవ ఎక్కాక నేను మామూలుగానే మొదలుపెట్టాను. "చూడండర్రా, ఇవన్నీ సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చాయి" అన్నాను. మామగారు నీళ్ల వైపు చూస్తూ, "ఈ గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ ఇక్కడియ్యే అయ్యగారూ. చలికాలం దూరాన్నించి వచ్చేవి బాతులు" అన్నారు. అమ్మాయి తన పుస్తకం తిరగేసి, "తాతయ్య చెప్పిందే కరెక్ట్ నాన్నా" అంది. పక్షుల మీద అన్ని ప్రసంగాలు చేసిన నేను వాటిని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు వరసగా ఉన్నాయి. గూడబాతు ముక్కు కింది సంచిలో నీళ్లతో సహా చేపను పట్టింది. నీళ్లు వదిలేసి చేపను మింగింది. మరో గూటిలో పిల్ల తన తలంతా తల్లి గొంతులోకి దూర్చి తింటోంది. మా చిన్నవాడు భయపడి, "తాతయ్యా, అది పిల్లని మింగేస్తోంది!" అని అరిచాడు. పడవలో అందరం నవ్వాం. మామగారు కూడా.

అమ్మాయి హడావుడిగా ఫోటోలు తీస్తుంటే అన్నీ మసకగానే వస్తున్నాయి. మామగారు పడవ నడిపే అబ్బాయిని ఆపమన్నారు. "తొందరపడకమ్మా. ఎండ నడినెత్తికి రానీ. ఆ కొంగనే చూస్తా ఉండు" అన్నారు.

అరగంట కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు. ఎండ చురుక్కుమంది. అప్పుడు ఆ ఎర్రకాళ్ల కొంగ లేచి నిలబడి, రెండు రెక్కలూ చాపి అలాగే ఉండిపోయింది. కింద మూడు పిల్లలు దాని నీడలో ఒదిగాయి. ఎండంతా దాని వీపు మీదే. కెమెరా టక్కుమంది.

అమ్మాయి తెర మీద ఆ బొమ్మ చూపిస్తే మామగారు చాలాసేపు చూశారు. "కాపలా ఉన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. టపాకాయ పేల్చడానికి చెయ్యి వచ్చేది కాదు" అన్నారు. కాసేపాగి, "మీ అమ్మ పెళ్లికని దాచిన డబ్బు ఆ చెరువులోనే పెట్టానమ్మా" అన్నారు.

మా పెళ్లి 2007లో జరిగింది. ఏ లోటూ లేకుండా చేశారు. ఆ డబ్బు ఎక్కణ్ణించి తెచ్చారో, ఎన్నేళ్లు తీర్చారో నేను ఏనాడూ అడగలేదు. మా ఆవిడ తల వంచుకుంది. తనకూ తెలియదట.

సాయంత్రం అత్తగారు కొర్రమీను పులుసు పెట్టారు. చేపను బూడిదతో రాయి మీద రుద్ది కడిగి, మట్టి దాకలో చింతపండు పులుసు పోసి కాచారు. గరిట పెడితే ముక్క చితికిపోతుందని దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పారు. పక్కన కరకరలాడే పరిగెల వేపుడు. మా చిన్నవాడు పులుసన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు.

అన్నం ముందు కూర్చుని నేను అన్నాను. "మామయ్యగారూ, మీరు ఆ రోజు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. లేకపోయినా చెప్పాను. నన్ను క్షమించండి."

ఆయన నా కంచంలో ఇంకో ముక్క వేసి, "తినండి, చల్లారిపోద్ది" అన్నారు. భోజనాలయ్యాక మేము ప్రార్థన చేసుకుంటుంటే గేదె దగ్గరికి వెళ్లలేదు. గుమ్మంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

ప్రియులారా, ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ కొంగను చూశాక ఒకటి తెలిసింది. ఎండలో ఉన్నవాడికి ముందు కావలసింది నీడ. నేను ఆ రోజు ఆయనకు మాటలు ఇచ్చాను. నిలబడి ఎండ కాయలేదు.

మన తొందర జవాబు విని మౌనంగా లేచి వెళ్లిపోయిన మనిషి మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ఈ వారం వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఏమీ చెప్పకండి. అరగంట పక్కన కూర్చుని, వాళ్లు చెప్పేది వినండి.