దుబాయి ఎంత దూరము?



గోదావరిఖనిలో మా సంఘపు తల్లి ఒకామె, కుమారుని ప్రయాణము కొరకు ప్రార్థన ముగియగానే మమ్ములను అడిగింది: "అయ్యగారూ, దుబాయి ఎంత దూరముంటది?" ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. షిఫ్టు దిగినవాడు ఏ వేళకు ఇల్లు చేరుతాడో ఆమెకు తెలుసు. విమానము సంగతి తెలియదు.

అబ్బాయిని సాగనంపడానికి మేము కూడా వెళ్ళాము. మధ్యాహ్నము బయలుదేరి పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్, సిద్దిపేట దాటి శంషాబాద్ చేరేసరికి ఆరు గంటలు పట్టింది. 250 కిలోమీటర్లకు పైమాటే. శంషాబాద్ విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైంది. అంతకు ముందు బేగంపేట నుండి ఎక్కేవారు. ఇంకా వెనుకటి రోజులలో మన ప్రాంతపు వారు రైలులో బొంబాయి వెళ్ళి, అక్కడి నుండి గల్ఫుకు పోయేవారు.

హైదరాబాదు నుండి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. పోవడానికి దాదాపు నాలుగు గంటలు. వచ్చేటప్పుడు పడమటి పైగాలి వెనుక నుండి తోస్తుంది గనుక సుమారు మూడున్నర గంటలే. అక్కడి గడియారము మనకంటె గంటన్నర వెనుక. మనకు ఉదయము ఆరైతే వారికి నాలుగున్నర.

తిరిగి వచ్చి ఆమెతో, "అమ్మా, మన ఊరి నుండి శంషాబాద్ పోయినంత సేపు కూడా పట్టదు" అన్నాము. "అయితే దగ్గరనే" అని ఆమె నవ్వింది.

రెండేండ్ల తరువాత ఒక రాత్రి ఆమె భర్త గుండెనొప్పితో చనిపోయాడు. కబురు వెంటనే అందింది. కాని పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉన్నది. సెలవు మీద సంతకము చేయవలసిన మనిషి లేడు. మూడవ రోజు వరకు చూచి సమాధి చేశాము. అబ్బాయి ఐదవ రోజున వచ్చి, పచ్చి మట్టి మీద చేయి పెట్టి కూర్చున్నాడు. "దగ్గరనే అంటిమి గద అయ్యగారూ" అన్నది తల్లి. నింద లేదు ఆ మాటలో. అయినా అది నేటికీ మమ్ములను విడువలేదు.

గల్ఫుకు పంపే తల్లిదండ్రులారా, కిలోమీటర్లు కాదు, కాగితములు చూడండి. ప్రభుత్వము వద్ద రిజిస్టరైన ఏజెంటు ద్వారానే పంపండి. పదవ తరగతి పాసు కానివారు సాధారణముగా వలస అనుమతి తీసుకొనే వెళ్ళవలెను. అత్యవసర సెలవు సంగతి ఒప్పందములో ఏమున్నదో ముందే చదివించుకోండి. కార్మికుని పాస్‌పోర్టును యజమాని ఉంచుకొనుట దుబాయి చట్టము కూడా ఒప్పదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము నకళ్ళు, కంపెనీ ఫోను నంబరు ఇంటి పెట్టెలో ఉండవలెను.

ఇప్పుడు ఎవరైనా ప్రయాణపు ప్రార్థనకు వస్తే, మేము ముందుగా ఆ నకళ్ళు అడుగుతున్నాము. తరువాతనే మోకరిస్తున్నాము.