ముద్దుపేర్లు

బిడ్డకు పేరు పెట్టుటకు శాస్త్రము కలదు. ఆ పేరును విఱుచుటకు మాత్రము ఎవరి యనుమతియు అక్కఱలేదు. బారసాలనాడు పళ్ళెములో బియ్యము పోసి, తండ్రి ఉంగరముతో 'వేంకట సత్య సూర్యనారాయణమూర్తి' యని వ్రాయును. పురోహితుడు మంత్రము చెప్పును. బంధువులు అక్షతలు వేసి భోజనములకు లేతురు. సాయంకాలమునకు ఉయ్యెల యొద్ద కూర్చున్న అమ్మమ్మ నోట ఆ నామము 'సూరి'గా మిగులును. పళ్ళెములోని బియ్యము ఎత్తకముందే ఇంత పని జరిగిపోవును.

ఇది పలుకుటకు బద్ధకించుటచేత జరుగునని కొందఱందురు. వారి మాట పూర్తిగా నిజము కాదు. పాణిని తన అష్టాధ్యాయి ఐదవ అధ్యాయములో ఈ పనికి సూత్రములే చెప్పియున్నాడు. రెండుకంటె ఎక్కువ అచ్చులుగల మనుష్యనామమునందు రెండవ అచ్చు తరువాతి భాగమును తీసివేసి, చివర నొక ప్రత్యయమును చేర్చవచ్చును. ఆ ప్రకారము దేవదత్తుడు దేవికుడగును, దేవియుడగును, దేవిలుడును అగును. ఎట్టి సందర్భమున? అనుకంప కలిగినప్పుడు. అనుకంప యనగా జాలితో కూడిన ప్రేమ. వ్యాకరణ శాస్త్రజ్ఞుడు ఇట్టి మెత్తని మాటను సూత్రములో నిమిడ్చినాడనిన ఆశ్చర్యము కలుగక మానదు. ఆ సూత్రములకు రెండువేల యేండ్లు ఎప్పుడో దాటినవి. సుబ్రహ్మణ్యమును 'సుబ్బు' అని పిలుచు తల్లి అష్టాధ్యాయిని కన్నులతోనైన చూచియుండదు. అయినను ఆమె చేయుచున్నది ఇంచుమించుగా ఆ పనియే.

తెలుగువారి పద్ధతిలో మఱియొక విశేషము కలదు. పేరును కత్తిరించి ఊరకుండరు. దానికి చుట్టఱికమును కూడ తగిలింతురు. అన్న, అయ్య, అప్ప, అమ్మ, అక్క - ఈ మాటలు మన పేర్లలో చేరినంతగా మఱే మాటలును చేరలేదు. కవిత్రయములో నన్నయకు అయ్యయు, తిక్కనకును ఎఱ్ఱనకును అన్నయు తోడయినవి. దేవుళ్ళకును ఈ చుట్టఱికము తప్పలేదు. తిరుమల వేంకటేశ్వరుడు వెంకన్న. శ్రీశైల మల్లికార్జునుడు మల్లన్న. సింహాచలమున వెలసిన వరాహ లక్ష్మీనరసింహుడు ఉత్తరాంధ్ర రైతుకు అప్పన్న. వేములవాడ రాజరాజేశ్వరుడు తెలంగాణ పల్లెలలో రాజన్న. కొండగట్టు ఆంజనేయుడు అంజన్న. దేవునికే ఇంత చనువు చూపువారు ఇంటిలోని పసివానికి చూపుటలో వింత యేమున్నది? ఒకే పేరు ఊరుమాఱిన కొలది రూపుమాఱుటయు కలదు. కృష్ణుడు ఒకచోట కిట్టయ్య, వేఱొకచోట కిష్టయ్య. కోస్తాలో సత్యమని పిలువబడు సత్యనారాయణ తెలంగాణలో సత్తయ్య యగును.

అయితే అన్ని ముద్దుపేర్లును అసలు పేరునుండియే పుట్టవు. బుజ్జి, చిట్టి, చంటి, పండు, నాని మొదలగువానికి ఏ నామముతోను సంబంధము లేదు. వీని యవసరము ఎట్లు కలిగెనో తెలియవలెననిన తాత పేరును మనుమనికి పెట్టు ఇంటికి పోవలెను. పోయిన తాత పేరు నిలుపవలెనని మనుమనికి ఆ పేరే పెట్టుదురు. పిల్లవాడు దోగాడుచు పాలచెంబు తన్నివేయును. అప్పుడు కోడలు మామగారి పేరు పెట్టి ఎట్లు కసరగలదు? నాయనమ్మ చిక్కు అంతకంటె పెద్దది. పూర్వాచారమునుబట్టి ఆమె తన జీవితములో ఎన్నడును భర్త పేరును పలికినది కాదు. ఎవరయిన అడిగినను ప్రక్కనున్న పిల్లలచేత చెప్పించినది. ఇప్పుడు పట్టుబట్టి మనుమనికి పెట్టించిన పేరును ఆమెయే పలుకలేదు! పిల్లవానిని ఎత్తుకొని, "మా తాత వచ్చినాడు, మా పెద్దాయన వచ్చినాడు" అని ఆడించును. చంటి యని పిలుచును. ఆ పేరు ఇంటిలో ఉన్నదనుటయే ఆమెకు చాలును.

ముద్దుకంటె లోతైన చోట పుట్టిన పేర్లు మఱికొన్ని కలవు. పుట్టిన బిడ్డలు వరుసగా పోవుచుండిన యిండ్లు పూర్వము అరుదు కావు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మన దేశములో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 200 మంది ఏడాది నిండకయే పోవుచుండిరి. నేడు ఆ సంఖ్య 30కి లోపుగా దిగినది. ఆ దినములలో ఇద్దఱు ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి, తరువాత పుట్టినవానిని చాటలో పరుండబెట్టి పెంటకుప్పమీద దింపించెడిది. ముందుగా చెప్పియుంచిన పొరుగింటి యామె వచ్చి, ఎవరో పాఱవేసిన బిడ్డ యనుచు ఎత్తుకొనెడిది. తల్లి ఆమెకు చేరెడు తవుడిచ్చి తన బిడ్డనే తాను కొనుక్కొనెడిది. అట్లు పుట్టినవే పెంటయ్య, పెంటమ్మ, తవిటయ్య అను పేర్లు. బిచ్చమెత్తి తెచ్చిన గింజలతో వండి పెట్టినందున బిచ్చయ్య, భిక్షమయ్య అయినవారును కలరు. ఇంత హీనమైన పేరుగలవానిని మృత్యువు కన్నెత్తి చూడదని వారి నమ్మకము. అట్టి పేరుగల బాలుడు బడిలో నవ్వులపాలగుట కలదు. నవ్వినవారికి ఆ పేరు వెనుక ఎన్ని చిన్న గోతులు త్రవ్వబడెనో తెలియదు.

బడి మాట వచ్చినది గనుక ఒక సంగతి. మొదటిదినమున పంతులుగారు హాజరుపట్టీ తెఱచి పూర్తి పేరు చదువగా, అది తన పేరేనని తెలియక పలుకని పిల్లలు పలువురు. ఆడపిల్లల విషయములో మఱియొక అన్యాయము జరుగుచుండెను. మగపిల్లవానికి ముత్తాత నామమును వెదకినవారే, ఆడపిల్లకు నోటికి వచ్చిన బుజ్జమ్మ, చిట్టెమ్మ అనునవి వ్రాయించి చేతులు దులుపుకొనెడివారు. ముద్దుపేరు ముద్దుగా నుండవలెననిన దాని వెనుక ఒక నిండు పేరుండవలెను. 1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము ప్రకారము పేరు లేకుండనే జననమును వ్రాయించి, పేరును తరువాత చేర్పించుకొనవచ్చును. కాబట్టి తొందరపడి చిట్టి యని వ్రాయింప నవసరము లేదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరుట మొదలు అనేక విషయములందు జనన ధ్రువపత్రమే ఆధారమగుచున్నది గనుక, అందలి అక్షరము విషయమున ఇప్పుడు ఇంకను జాగ్రత్త వలయును.

కొన్ని చిన్న పేర్లు మాత్రము ఏ పత్రమును లక్ష్యపెట్టక లోకమును జయించినవి. సత్తిరాజు లక్ష్మీనారాయణ యనిన ఎవరని అడుగువారుందురు. బాపు అనిన బొమ్మ కన్నులకు కట్టును. 'చివరకు మిగిలేది' వ్రాసిన శివరాజు వెంకట సుబ్బారావు పాఠకులందఱకును బుచ్చిబాబే.

కీర్తి యెఱుగని ఇండ్లలో ముద్దుపేరు ఆయుర్దాయము వేఱుగా నుండును. దానిని పలుకు హక్కు తనకంటె పెద్దవారికే కలదు గనుక, ఏండ్లు గడచినకొలది పలుకువారు తగ్గుచుందురు. ఉద్యోగములో నున్నంతకాలము ఊరంతయు భయపడిన విశ్రాంత తహసీలుదారు, డెబ్బదియేండ్లవాడు, వాకిట పడకకుర్చీలో పత్రిక చదువుకొనుచుండును. పొరుగూరినుండి బండి దిగిన ఎనుబదియేండ్ల అక్క గుమ్మములో నిలిచి, "ఒరే చంటీ, ఉన్నావుట్రా?" అని కేక వేయును. ఆయన పత్రిక జాఱవిడిచి, చెప్పులు వెదకుకొనకయే, మనుమలు నవ్వుచుండగా ఎదురుపోవును.